పెన్సిల్ చిత్తు నుంచి అచ్చు దాకా: ఒక పేజీ బొమ్మల కథను ఏ వరుసలో గీయాలి?

గీతలబాట (మైలాపూరు, చెన్నై):

అందరికీ నమస్కారం. కథలకు విడి బొమ్మలు వేయడం నాకు అలవాటే కాని, బొమ్మల కథను పేజీగా అమర్చుకుని గీయడం మాత్రం కొత్త. మా తెలుగు సంఘం వారు ఉగాది సంచికలో ఒక పేజీ బొమ్మల కథకు చోటిచ్చారు. సంచిక ఎ4 కొలతలో, రంగుల్లో అచ్చవుతుంది.

కథ చాలా చిన్నది. విజయవాడలో పినాకినీ ఎక్స్‌ప్రెస్ ఎక్కి ఒంటరిగా వచ్చిన అమ్మమ్మ మధ్యాహ్నం వేళ చెన్నై సెంట్రల్‌లో దిగుతుంది. చేతిలో ఆవకాయ జాడీ పెట్టిన సంచి ఉంటుంది. తీసుకువెళ్ళడానికి రావలసిన మనవడు ఎక్కడా కనబడడు. చుట్టూ జనం, కూలీలు, తమిళంలో ప్రకటనలు. ఆమె కంగారుపడుతుండగా వెనుక నుంచి "అమ్మమ్మా!" అన్న పిలుపు వినబడుతుంది. దీన్ని ఐదు గడులుగా విడగొట్టుకున్నాను: బండి రావడం, అమ్మమ్మ దిగడం, జనం మధ్య నిలబడడం, ఆమె ముఖం దగ్గరగా, చివరికి మనవడు.

ఎ3 డ్రాయింగ్ షీటు మీద హెచ్‌బీ పెన్సిల్‌తో గీసి, పాళీతోనూ కుంచెతోనూ సిరా వేసి, ఆ తరువాత స్కాన్ చేసి కంప్యూటర్‌లో రంగులు వేయాలని అనుకున్నాను. అయితే మూడు చోట్ల పని ఆగిపోతోంది. మూడో గడిలో జనాన్ని శ్రద్ధగా గీసినకొద్దీ అమ్మమ్మ ఆ గుంపులో కలిసిపోయి కనబడకుండా పోతోంది. బొమ్మ అంతా అయ్యాక మాటల బుడగలకు చోటు మిగలడం లేదు. అన్నిటికన్నా ఎక్కువగా బాధపెడుతున్నది ఏమిటంటే, పెన్సిల్ చిత్తులో ఎంతో కదలికతో ఉన్న బొమ్మ సిరా పడగానే బిగుసుకుపోతోంది.

అనుభవం ఉన్నవారు మీరు పని చేసే వరుసను మొదటినుంచి చివరిదాకా వివరించగలరా? ఏ దశ తరువాత ఏ దశ అన్నదానితో పాటు, ఆ వరుస ఎందుకు పాటిస్తారో కూడా చెబితే ఎంతో మేలు చేసినవారవుతారు.


నల్లసిరా (పెరంబూరు, చెన్నై):

గీతలబాట గారికి నమస్కారం. మీరు చెప్పిన మూడు ఇబ్బందులూ ఒక్కచోటే పుడుతున్నాయని నాకు అనిపిస్తోంది. పేజీ మొత్తానికి సంబంధించిన నిర్ణయాలు ఇంకా తేలకముందే మీరు పెద్ద కాగితం మీదికి వెళ్తున్నారు. ఎ3 షీటు ముందు కూర్చున్న చెయ్యి వివరాల వెంట పోతుంది. కూలీ తలపాగా, పెట్టె మీది తాడు, స్తంభం మీది బోల్టులు చక్కగా వస్తాయి కాని, పేజీలో ఎవరు ముఖ్యమన్నది మాత్రం తేలదు. అందువల్ల నేను ఎక్కువ సమయం గడిపే దశ అన్నిటికన్నా చిన్న బొమ్మ దగ్గరే.

ఎ4 నిష్పత్తిలోనే 6 సెంటీమీటర్ల వెడల్పు, 8.5 సెంటీమీటర్ల ఎత్తు ఉన్న పెట్టెలు ఒక కాగితం మీద వరుసగా గీసుకోండి. వాటిలో ముఖాలు, వేళ్ళు, చీర అంచులు ఏవీ వద్దు. మొద్దుగా ఉన్న మార్కర్‌తో తెలుపు, బూడిద, నలుపు అనే మూడు రకాల మచ్చలుగా మాత్రమే పేజీని చూడండి. ఒకే పేజీని గడుల అమరిక మార్చి ఎన్ని విధాలుగా వీలైతే అన్ని విధాలుగా వేసి, వాటిని చేతి దూరాన పెట్టి చూడండి. ఆ కొలతలోనే అమ్మమ్మ ఎక్కడుందో కన్ను వెంటనే పట్టుకోగలిగితే, ఆ పేజీ ఎంత పెద్దదిగా గీసినా నిలబడుతుంది. చందమామలో శంకర్ గారు వేసిన విక్రమార్కుడి బొమ్మను గుర్తుచేసుకోండి. కత్తి పట్టిన రాజు, భుజం మీద శవం: ఆ బొమ్మలోని వివరాలన్నీ తీసేసి నల్లటి నీడగా మార్చినా తెలుగువారు ఎవరైనా పోల్చుకుంటారు. కొలత ఎంత తగ్గినా ఆకారం స్పష్టంగా ఉండడమే అక్కడి గొప్పతనం. మీ అమ్మమ్మకు కూడా అలాంటి ఆకారం కావాలి. సంచి బరువుకు ఒకవైపు వంగిన భుజం, రెండో చేత్తో బిగించి పట్టుకున్న కొంగు, పొట్టిగా ఉన్న మనిషి. ఈ మూడూ ఐదు గడుల్లోనూ ఉంటే ముఖం కనబడని చోట కూడా ఆమెను గుర్తుపడతాం.

గడుల కొలతలు సమానంగా ఉండవలసిన పనిలేదు. మీ కథకు గుండెకాయ మూడో గడి కనుక, పేజీలో దాదాపు సగం దానికి ఇవ్వండి. బండి రావడానికి పైన సన్నటి అడ్డుపట్టీ చాలు. ఇక దిశ సంగతి. తెలుగు చదివే కన్ను ఎడమ నుంచి కుడికి, పై నుంచి కిందికి నడుస్తుంది. అమ్మమ్మ మొదటి నాలుగు గడుల్లోనూ కుడివైపుకే చూస్తూ ఉంటే పాఠకుడి చూపు ఆమె చూపుతో కలిసి వెళ్తుంది. చివరి గడిలో పిలుపు ఎడమ నుంచి రావాలి. అప్పుడు ఆమె తల తిప్పడం చదువుతున్న దిశకు ఎదురుగా జరుగుతుంది కాబట్టి, ఆ చిన్న కదలికకే బలం వస్తుంది. దీనితో పాటు రెండో గడిలో రైలు ఆమెకు ఎడమవైపు ఉంటే మూడో గడిలోనూ ఎడమవైపే ఉంచండి. మధ్యలో పక్క మారితే ఆమె వేరే ప్లాట్‌ఫారానికి వెళ్ళిందని పాఠకుడు పొరబడతాడు.

మూడో గడిలో క్షితిజ రేఖను (చూసేవారి కంటి ఎత్తును సూచించే అడ్డగీతను) ఎక్కడ పెట్టాలన్నది నా దృష్టిలో ఈ పేజీ మొత్తంలో అతి ముఖ్యమైన నిర్ణయం. చాలామంది నిలబడి ఫోటో తీసేవారి కంటి ఎత్తులో దాన్ని గీస్తారు. అలా గీస్తే చదునైన నేల మీద నిలబడ్డ, అంతే ఎత్తున్న మనుషులందరి కళ్ళూ దగ్గరగా ఉన్నా దూరంగా ఉన్నా ఒకే గీత మీదికి వస్తాయి. పొట్టిగా ఉన్న అమ్మమ్మ ఆ గీత కింద మునిగిపోతుంది. మీ గుంపులో ఆమె కలిసిపోవడానికి సగం కారణం ఇదే అయి ఉంటుంది. క్షితిజ రేఖను ఆమె కంటి ఎత్తుకే దించండి. ఆమె ఎత్తు 145 సెంటీమీటర్లు అనుకుంటే కళ్ళు సుమారు 135 దగ్గర ఉంటాయి. అప్పుడు 170 సెంటీమీటర్ల మనిషి ఎంత దూరంలో ఉన్నా ఆ గీత అతని ఛాతీ పైభాగం మీదుగానే పోతుంది, తలలన్నీ దానికి పైన లేస్తాయి. గుంపు ఆమె మీదికి వంగుతున్నట్టు ఉంటుంది. ఆ గీత మీద ఉన్న పెద్దవాళ్ళ కళ్ళు ఆమెవి మాత్రమే అవుతాయి. ఒక్క గీత స్థానం మార్చడంతో ఆమె కంగారు బొమ్మలోకి వచ్చేస్తుంది, అదనంగా చెమట చుక్కలు వేయవలసిన అవసరం ఉండదు.

ప్లాట్‌ఫారం అంచు, బోగీల కిటికీల వరుస, పైకప్పు దూలాలు అన్నీ ఆ గీత మీద ఒకే వానిషింగ్ పాయింట్‌కు, అంటే దూరంగా పోయే గీతలన్నీ కలిసే చుక్కకు, చేరాలి. ఆ బిందువును గడి మధ్యలో కాకుండా అమ్మమ్మ తలకు కొంచెం పక్కగా పెట్టండి. గీతలన్నీ ఆమె వైపు చూపు మళ్ళిస్తాయి కాని, సరిగ్గా తల వెనుకకే వచ్చి గుచ్చుకోవు. ఒకసారి ప్లాట్‌ఫారం టికెట్ కొనుక్కుని సెంట్రల్‌కు వెళ్ళి, ఒక బెంచీ మీద కూర్చుని స్కెచ్ పుస్తకం నింపుకోండి. ఎదురుచూసే మనిషి బరువంతా ఏ కాలి మీద వేస్తాడో, కూలీ తల మీది పెట్టెను ఏ వేళ్ళతో ఆపుతాడో ఫోటోలకన్నా కంటితో చూసి వేసిన బొమ్మలే బాగా చెబుతాయి.

ఇంత తేలిన తరువాతే ఎ3 షీటు. ఎంచుకున్న చిన్న బొమ్మను స్కాన్ చేసి, ఎ3 కొలతకు పెంచి, లేత నీలంలో ప్రింటు తీసుకోండి. లేదా లైట్‌బాక్స్ (కింది నుంచి వెలుగు వచ్చే పలక) మీద పెట్టి గీసుకోండి. చిన్న బొమ్మలోని కదలిక పెద్ద కాగితానికి అలాగే రావాలంటే ఇదే నమ్మకమైన మార్గం. కంటితో చూసి మళ్ళీ గీస్తే ఒంపులు తిన్నగా మారిపోతాయి. ముందుగా గడుల గీతలు, తరువాత బుడగలు, ఆ తరువాత మనుషులు, చివరికి స్టేషన్. బుడగలను పెన్సిల్ దశలోనే పెట్టి తీరాలి. అక్షరాల గురించి ఇక్కడ నాకన్నా బాగా తెలిసినవారు ఉన్నారు, వారు చెబుతారు.

పెన్సిల్‌లో నిర్మాణ రేఖలకు 2హెచ్, ముఖాలకూ చేతులకూ హెచ్‌బీ వాడతాను. ముఖాలు, చేతులు, కాళ్ళు నేలను తాకే చోటు మాత్రం పెన్సిల్‌లోనే పూర్తిగా తేల్చుకోవాలి. చీర మడతలు, జుట్టు, వెనుక నిలబడ్డ గుంపు వంటివి సగం చెప్పి వదిలేయాలి.

ఇప్పుడు మీ మూడో ప్రశ్న. పెన్సిల్ చిత్తులో ఒక్కొక్క అంచుకు నాలుగైదు గీతలుంటాయి. చూసే కన్ను వాటిలో తనకు నచ్చినదాన్ని ఎంచుకుంటూ ఉంటుంది, కదలిక కనబడేది ఆ ఎంపికలోనే. సిరాలో ఒక్క గీతే మిగులుతుంది. ఆ ఒక్క గీతను పెన్సిల్ మీద దిద్దుతున్నట్టు నెమ్మదిగా లాగితే వెడల్పు అంతటా ఒకేలా ఉండి, బొమ్మ తీగతో చేసినట్టు బిగుసుకుంటుంది. కాబట్టి సిరా వేసేటప్పుడు మళ్ళీ గీస్తున్నామనే అనుకోవాలి. ఉదాహరణకు అమ్మమ్మ కొంగు: భుజం దగ్గర సన్నగా మొదలుపెట్టి, మోచేతి ఒంపు దగ్గర పాళీని కొంచెం ఒత్తి, బరువు వేలాడే చోట గీతను లావు కానిచ్చి, మడత లోపలికి వెళ్ళే ముందే పాళీని ఎత్తేయాలి. గీత పూర్తిగా కలవకపోయినా ఫరవాలేదు. ఆ చిన్న ఖాళీని పాఠకుడి కన్నే పూరించుకుంటుంది. పాళీని ఎప్పుడూ మీ వైపుకే లాగండి, దానికి తగ్గట్టు కాగితాన్ని తిప్పండి. వేళ్ళతో కాకుండా మోచేతి నుంచి కదిలితే పొడుగు గీతలు వణకవు.

కొత్త పాళీకి తుప్పు పట్టకుండా నూనె పూత ఉంటుంది. సబ్బు నీటితో కడిగి తుడవకపోతే సిరా నిలవక చుక్కలుగా జారుతుంది. స్కేలు వాడేటప్పుడు ఏటవాలు వైపు కాగితం మీదికి తిప్పి, అంచు కాగితాన్ని తాకకుండా పైకి లేచి ఉండేలా పెట్టాలి, లేకపోతే సిరా దాని కిందికి పాకుతుంది. మీరు కుడిచేతి వాటమైతే పై ఎడమ మూల నుంచి కిందికి దిగుతూ రండి. సముద్రం పక్కనున్న మైలాపూరు గాలిలో తేమ ఎక్కువ కనుక, పైకి ఆరినట్టు కనిపించిన సిరా లోపల పచ్చిగానే ఉంటుంది. రాత్రంతా వదిలేసి మర్నాడు రబ్బరుతో తుడవండి. వాడని షీట్లను చుట్టి పెట్టకుండా ప్లాస్టిక్ కవరులో పరిచి ఉంచండి. కాగితం కొనడానికి మన పారీస్ కార్నర్ దగ్గరి ఆండర్సన్ వీధికి వెళ్తే మందమైన, నున్నటి బ్రిస్టల్ బోర్డు అడగండి. మామూలు డ్రాయింగ్ షీటు గరుకులో పాళీ మొన చిక్కుకుని సిరా పొక్కుతుంది, గీతలు బిగుసుకోవడానికి అది కూడా ఒక కారణమే.

చివరిగా నిండు నలుపులు. గీతలన్నీ అయ్యాక నలుపు ఎక్కడ నింపాలా అని వెతకవద్దు, చిన్న బొమ్మలో మీరు నిర్ణయించుకున్నదే ఇక్కడ పాటించండి. మూడో గడిలో బోగీ తలుపు లోపలి చీకటిని నిండు నలుపుగా పెట్టి, లేత రంగు చీరలో ఉన్న అమ్మమ్మను దాని ముందు నిలబెట్టండి. ముందు వరుసలో ఒకరిద్దరు మనుషులను పూర్తి నల్లటి ఆకారాలుగా కోసేయండి. వెనుక గుంపును సన్నటి గీతల్లో మాత్రమే ఉంచండి. అప్పుడు ఎంతమందిని గీసినా ఆమె మునిగిపోదు.


ఒత్తుపొల్లు (రాయపేట, చెన్నై):

నల్లసిరా గారు వదిలిన దగ్గర అందుకుంటాను. నేను పత్రికలకు పేజీలు కూర్చి, అచ్చుకు పంపే పని చేస్తాను. బొమ్మల కథల్లో తెలుగు అక్షరాలకు సరిపడా చోటు దొరకకపోవడం నేను తరచుగా చూసే ఇబ్బంది. బొమ్మల కథల గురించి మనం చదివే పాఠాల్లో ఎక్కువ భాగం ఇంగ్లీషు అక్షరాలను దృష్టిలో పెట్టుకుని రాసినవి. అక్కడ అంతా పెద్ద అక్షరాలే కావడం వల్ల పంక్తి పైనా కిందా ఒకే ఎత్తులో ఆగుతుంది, పంక్తులను దగ్గరగా పేర్చవచ్చు. మనకు పైన గుడులు, కొమ్ములు, కింద ఒత్తులు ఉంటాయి. "వచ్చాడమ్మా" అన్న పంక్తి కింద "ప్లాట్‌ఫారం మీద" అన్న పంక్తి వస్తే, పై పంక్తి ఒత్తులు కింది పంక్తి తలకట్లను గుద్దుకుంటాయి. అందువల్ల అక్షరం 10 పాయింట్లయితే పంక్తికీ పంక్తికీ మధ్య దూరం కనీసం 14 పాయింట్లు, వీలైతే 15 పెట్టుకోండి. మూడు పంక్తుల బుడగకు మీరు ఊహించినదానికన్నా సగం ఎక్కువ ఎత్తు కావలసి వస్తుంది.

మన మాటలు పొడుగైనవి కూడా. "కనబడడంలేదేమిటి" అన్న ఒక్క మాటే సన్నటి బుడగను నింపేస్తుంది, దాన్ని మధ్యలో విరిస్తే చదివేవారికి తడబాటు కలుగుతుంది. అందుకని తెలుగు బుడగలు నిలువుగా కాకుండా కొంచెం అడ్డంగా సాగి ఉంటేనే బాగుంటాయి. ముందుగా మాటలను ఖాయం చేసుకుని, అచ్చులో ఉండబోయే కొలతలోనే టైపు చేసి, ప్రింటు తీసి, కత్తిరించి, చిత్తు పేజీ మీద పెట్టి చూసుకోండి. ఇది పాతకాలపు పద్ధతే అయినా ఇంతకన్నా నమ్మకమైనది నాకు కనబడలేదు. అయితే మీ అసలు బొమ్మ ఎ3, అచ్చయ్యేది ఎ4 కాబట్టి, ఆ కాగితపు ముక్కలను ఎ3 మీద పెట్టేటప్పుడు 141 శాతానికి పెంచుకోవాలి.

ఇదే లెక్క గీతలకు కూడా వర్తిస్తుంది. ఎ3 నుంచి ఎ4కు తగ్గినప్పుడు ప్రతి కొలతా సుమారు 71 శాతమవుతుంది. ఎ3 మీద 0.2 మిల్లీమీటర్ల పెన్నుతో వేసిన గీత అచ్చులో 0.14 మిల్లీమీటర్లకు దిగుతుంది. వెనుక గుంపును సన్నటి గీతల్లో ఉంచమని నల్లసిరా గారు చెప్పినది సరైన మాటే కాని, 0.2 కన్నా సన్నటి గీతలు వాడవద్దు. దగ్గరదగ్గరగా వేసిన సన్నటి అడ్డగీతలు తగ్గించినప్పుడు పూడుకుపోయి మురికిగా కనబడతాయి.

కంప్యూటర్‌లో అక్షరాలను గీతల పొరలో (లేయర్‌లో) కలపకుండా విడిగా ఉంచండి. పాత ఫోటోషాప్ వెర్షన్లలో భారతీయ భాషలకు సంబంధించిన టెక్స్ట్ ఎంపికను ముందుగా మార్చుకోకపోతే ఒత్తులు విడిపోయి కనబడే అవకాశం ఉంది. ఇంక్‌స్కేప్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది, తెలుగును సరిగానే చూపిస్తుంది. ఫాంట్ల విషయంలో మండలి, ఎన్‌టీఆర్, రామభద్ర వంటివి ఉచిత లైసెన్సుతో దొరుకుతున్నాయి. బుడగల్లోని మాటలకు మండలి శుభ్రంగా ఉంటుంది, అరుపులకు రామభద్ర సరిపోతుంది. కాని, మీ చేతిరాత బాగుంటే చేత్తోనే రాయమని నా సలహా. బాపు గారి చేతిరాత ఫాంటుగా మారిందంటే, ఆ బొమ్మకూ ఆ అక్షరానికీ గీత ఒక్కటే కావడం వల్లనే. ముఖ్యంగా చివరి "అమ్మమ్మా!" అన్న పిలుపును ఫాంటుకు అప్పగించవద్దు. కుంచెతో రాసి, చివరి దీర్ఘాన్ని ఎడమ అంచు నుంచి ఆమె చెవి వైపుకు సాగదీయండి.


తెరగీత (పెరుంగుడి, చెన్నై):

నల్లసిరా గారి మాటల మీద గౌరవం ఉంచుకునే ఒక విషయంలో విభేదిస్తున్నాను. చిన్న బొమ్మలోనే అన్నీ తేల్చుకుని ఆ తరువాత మార్చకూడదన్న క్రమం కాగితం మీద పనిచేసేవారికి అవసరమే, ఎందుకంటే అక్కడ మార్పు చేయాలంటే షీటు మార్చాలి. మీరు రంగులు ఎలాగూ కంప్యూటర్‌లోనే వేస్తున్నారు కాబట్టి, పెన్సిల్ దశను కూడా అక్కడే చేసుకుంటే క్షితిజ రేఖను రెండు మూడు ఎత్తుల్లో పెట్టి పక్కపక్కన చూసుకోవచ్చు. ఒక్కొక్క మనిషిని ఒక్కొక్క పొరలో ఉంచితే గుంపును జరుపుకుంటూ అమ్మమ్మ చుట్టూ ఖాళీని సర్దుకోవచ్చు. ఉచితంగా దొరికే క్రితా అనే బొమ్మల సాఫ్ట్‌వేర్‌లో కూడా పర్‌స్పెక్టివ్‌కు (దగ్గర, దూరం తేడా చూపడానికి) సాయపడే గీతలు ఉన్నాయి. అలా తేల్చుకున్న చిత్తును లేత నీలంలో బ్రిస్టల్ బోర్డు మీద ప్రింటు తీసి, సిరా మాత్రం చేత్తో వేయండి. సిరా చేత్తో వేయడంలో నాకు రెండో మాట లేదు.

అయితే తెర మీద ఒక ప్రమాదం ఉంది. బొమ్మను నాలుగైదు రెట్లు పెంచి చూస్తూ గీస్తే అచ్చులో ఎవరికీ కనబడని కనురెప్పల మీద గంటలు గడిచిపోతాయి. పేజీ మొత్తం అచ్చు కొలతలో కనబడే రెండో విండోను పక్కన ఎప్పుడూ తెరిచి ఉంచుకోండి.

సిరా పేజీని 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కల చొప్పున) స్కాన్ చేయండి. ఎ3 స్కానర్ లేకపోతే రెండు భాగాలుగా, మధ్యలో కొంత భాగం రెండింటిలోనూ వచ్చేలా స్కాన్ చేసి అతికించవచ్చు. నీలాన్ని తీసేసి గీతలను నికరమైన నలుపు తెలుపులుగా మార్చి, మల్టిప్లై పొరగా (తెల్లని చోట కింది రంగు కనబడే పొరగా) పైన ఉంచండి. కింద పొరలో ముందుగా నీడలు లేని చదును రంగులు నింపండి. ఈ దశలో అంచులు మెత్తబడకుండా యాంటీ ఏలియాసింగ్ తీసేస్తే, తరువాత ఒక్క క్లిక్‌తో చీర మొత్తాన్ని ఎంచుకోవచ్చు. మొదటి నాలుగు గడుల్లో స్టేషన్‌నూ జనాన్నీ బూడిద కలిసిన నీలాలకే పరిమితం చేసి, పసుపు, ఎరుపు వంటి వెచ్చటి రంగులను అమ్మమ్మ చీరకూ సంచికీ మాత్రమే ఇవ్వండి. మనవడు వచ్చిన చివరి గడిలో ఆ వెచ్చదనం వెనుక గోడల మీదికి కూడా పాకవచ్చు. కూలీల ఎర్ర చొక్కాలు ఇక్కడ అడ్డు వస్తాయి. వాటిని నీడలో ఉన్నట్టు మట్టి రంగుకు తగ్గించండి, అమ్మమ్మ పక్కన మాత్రం నిలబెట్టవద్దు.


గీతలబాట:

ముగ్గురికీ మనఃపూర్వక ధన్యవాదాలు. క్షితిజ రేఖను అమ్మమ్మ కంటి ఎత్తుకు దించి, చిన్న బొమ్మల్ని మళ్ళీ వేశాను. మూడో గడి పూర్తిగా మారిపోయింది, జనం ఎందరున్నా చూపు నేరుగా ఆమె మీదికే వెళ్తోంది. మాటలను కూడా టైపు చేసి ముక్కలుగా పెట్టి చూస్తే, రెండో గడిలో ఆమె తనలో తాను అనుకునే మాటలకు అసలు చోటే లేదని తేలింది.

ఇంకొక్క సందేహం మిగిలింది. నాలుగో గడిలో ముఖం దగ్గరగా చూపించాలని అనుకున్నాను కదా, మూడో గడిలోనే కంగారంతా వచ్చేశాక ముఖం అవసరమా? అచ్చుకు పంపే ఫైలు ఎలా ఉండాలో కూడా చెప్పగలరా?


నల్లసిరా:

మంచి ప్రశ్న. ముఖం వద్దు, చేతులు చూపించండి. మూడో గడిలో మనం ఆమె ముఖాన్ని చూశాం. వెంటనే అదే ముఖాన్ని పెద్దదిగా చూపిస్తే కథ ముందుకు జరగదు. సంచి కాడను పట్టుకున్న రెండు చేతులు, కాడ బిగుసుకుని వేళ్ళ కణుపులు తేలి ఉండడం, సంచి లోపల గుడ్డతో వాసెన కట్టిన జాడీ మూతి, ఆ గుడ్డ మీద నూనె మరక: ఇంత చాలు. ఇది పాఠకుడికి కొత్త విషయం చెబుతుంది. ఆమె ఎవరికోసం ఏం తెచ్చిందో అతనికి అక్కడే తెలుస్తుంది, కాబట్టి ఐదో గడిలో మనవడు కనబడినప్పుడు అతడెవరో వివరించే మాటలు అక్కరలేదు.

ఈ గడిని పాళీతో కాకుండా కుంచెతో వేయండి. మిగిలిన గడుల్లో పాళీ గీతలు చూసిన కంటికి ఇక్కడి లావు గీతలు దగ్గరితనాన్ని తెలియజేస్తాయి. ముసలి చేతిని గీసేటప్పుడు ముడతలన్నీ వేయవద్దు. కణుపుల మీద రెండు మూడు చిన్న వంపులు, మణికట్టు దగ్గర గాజు అంచుకు ఆనుకుని ఒక మడత, చేతి వెనుక ఒకటి రెండు నరాలు ఉంటే వయసు తెలిసిపోతుంది. అంతకు మించితే చెయ్యి ఎండిన కొమ్మలా తయారవుతుంది. మీ ఇంట్లో పెద్దవారు ఎవరైనా ఉంటే నిజంగానే బరువున్న సంచి ఇచ్చి, కాసేపు పట్టుకోమని అడిగి చూసి గీయండి. ఖాళీ సంచి పట్టుకున్న చేతికీ బరువు మోస్తున్న చేతికీ బొటనవేలు ఉండే చోటే మారిపోతుంది.

రెండో గడిలో ఆమె అనుకునే మాటలను తీసేయండి. మెట్టు మీద నిలబడి కింది నేల వైపు చూస్తున్న మనిషి ఏమనుకుంటోందో బొమ్మే చెప్పగలదు. తెరగీత గారు చెప్పినట్టు చిత్తును కంప్యూటర్‌లో సర్దుకోవడానికి నాకు అభ్యంతరం లేదు. సిరా మొదలైన తరువాత అమరికను మార్చవద్దన్నదే నా మాట.


ఒత్తుపొల్లు:

ఫైలు గురించి. పేజీ అంచుదాకా బొమ్మ ఉంటే నాలుగు వైపులా అచ్చు కొలతలో 3 మిల్లీమీటర్లు అదనంగా గీయండి, కోతలో అది పోతుంది. అక్షరాలూ ముఖాలూ కోత అంచు నుంచి కనీసం 10 మిల్లీమీటర్లు లోపలికి ఉండాలి. సంచిక మధ్యలో కుట్టు ఉన్న వైపు ఇంకొంచెం ఎక్కువ వదలండి. రంగులు 300 డీపీఐ చాలు, గీతలు మాత్రం 600 కన్నా తగ్గకూడదు.

ఫైలును సీఎంవైకేలోకి (అచ్చులో ఒక్కొక్కటి ఒక్కొక్క ప్లేటుతో పడే సయాన్, మెజెంటా, పసుపు, నలుపు అనే నాలుగు రంగుల్లోకి) మార్చేటప్పుడు గీతలూ అక్షరాలూ నాలుగు రంగుల కలయికగా మారిపోకుండా జాగ్రత్తపడండి. అవి ఒక్క నలుపు ప్లేటులోనే 100 శాతం ఉండి, రంగుల మీద ఓవర్‌ప్రింట్ కావాలి, అంటే కింది రంగును తొలగించకుండా దాని మీదే పడాలి. ఆఫ్‌సెట్‌లో నాలుగు ప్లేట్లు వెంట్రుకవాసి జరిగినా, నాలుగు రంగుల్లో ఉన్న సన్నటి అక్షరం చుట్టూ ఎర్ర, నీలి అంచులు కనబడతాయి. బోగీ తలుపు చీకటి వంటి పెద్ద నలుపుల కింద మాత్రం 40 శాతం సయాన్ కలిపితే నలుపు గాఢంగా వస్తుంది. తెర మీద మెరిసే పచ్చలూ నీలాలూ అచ్చులో మందగిస్తాయి కనుక, ప్రెస్సుకు ఇచ్చే ముందు సంచిక కాగితం మీదే ఒక ప్రూఫు అడగండి. అమ్మమ్మ చీర పసుపు ఆ కాగితం మీద ఎలా పడిందో చూసి, అవసరమైతే మెజెంటాను కొద్దికొద్దిగా పెంచండి.